గొర్యో కాలపు కొరియా పాటల్లో ఎడబాటును ఎలా చదవాలి?

గొర్యో పాలన 918 నుంచి 1392 వరకు. అప్పటి పాటలు నోటి మీదే బతికాయి. 1446లో కొరియన్ల సొంత లిపి హంగుల్ వెలువడ్డాకే కొరియన్ అక్షరాల్లోకి వచ్చాయి. ఈలోగా ఆస్థాన సంగీతంలో చేరాయి. అందుకే ‘గాసిరి’ అనే పాట చదివేటప్పుడు చాలామంది తడబడతారు: వీడ్కోలు దుఃఖం మధ్య, ప్రతి చరణం చివర రాజ్యం చల్లగా ఉండాలనే పల్లవి! అది ఆస్థానంలో అతికిందేనని పండితులు భావిస్తారు. దాన్ని పక్కన పెట్టి చదవండి. వెళ్లిపోయే ప్రియుడితో పాటలోని స్త్రీ అంటుంది: పట్టి ఆపగలను, కానీ మనసు నొచ్చుకుంటే మళ్లీ రావేమోనని భయం. వెళ్లినంత వేగంగా తిరిగి రా అంటుంది. ఎంత సున్నితమైన బెంగ!

‘సొగ్యంగ్ బ్యోల్‌గోక్’ అనే పాటలోని స్త్రీది వేరే గుండె. నేతపని వదిలేసి వెంట వస్తానంటుంది. దేదోంగ్ నది దాటించే పడవవాడి మీద విరుచుకుపడుతుంది.

‘జంగ్‌సొక్‌గా’లో ప్రమాణాలన్నీ అసాధ్యాలే: కాల్చిన చెస్ట్‌నట్‌లు ఇసుకలో నాటితే, అవి మొలకెత్తిన నాడే విడిపోదాం. ఈ చివరి రెండు పాటల్లోనూ ఒకే చరణం ఉంది: పూసలు రాతిమీద పడినా, దారం తెగుతుందా? ఇలా చరణాలు పాట నుంచి పాటకు తిరిగేవి, కాబట్టి ఒకే కవి కోసం వెతకొద్దు.