కంప్యూటర్ సందేహాలు: డి డ్రైవ్‌లో ఉన్నంత మాత్రాన ఫైళ్లు భద్రం కాదు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆపేసింది. అప్పటినుంచి కర్నూలు, అనంతపురం, కడప వైపు పాఠకులు ఎక్కువగా అడుగుతున్నది పాత కంప్యూటర్‌లో విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం గురించే. వాటిలో కొన్ని ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ఇంట్లో ఆరో తరం ఐ3 డెస్క్‌టాప్ ఉంది. 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 11 ఎక్కదంటున్నారు. లైనక్స్ మింట్ వేద్దామనుకుంటున్నా. ఫొటోలన్నీ డి డ్రైవ్‌లో పెట్టినాను కాబట్టి సి డ్రైవ్ పోయినా ఇబ్బంది లేదు కదా? – ఉపాధ్యాయుడు, ఆదోని

ఇబ్బంది ఉంది. సి, డి రెండూ ఒకే డిస్కులో గీసుకున్న భాగాలు. మింట్ (లైనక్స్‌లో ఒక రకం) ఇన్‌స్టాలర్‌లో ‘ఎరేజ్ డిస్క్’ అనే మాట కనిపిస్తుంది. అది సి డ్రైవ్‌ను మాత్రమే కాదు, డిస్కు మొత్తాన్ని తుడిచేస్తుంది. డి డ్రైవ్‌లోని పెళ్లి ఫొటోలు కూడా పోతాయి. అందుకే ముందు వాటిని బయటి హార్డ్ డిస్కుకు కాపీ చేయండి. కాపీ అయిందని వదిలేయకుండా ఆ డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు ఫోల్డర్లు తెరిచి చూడండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయన్నది చాలామంది మరచిపోయే సంగతి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లదీ అదే దారి.

ఇక మీ మెషీన్ సంగతి. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి కాబట్టి అది ఎక్కదన్న మాట నిజమే. మింట్‌కు మాత్రం ఇది సరిపోతుంది. 4 జీబీ ర్యామ్‌కు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి, సినమన్ అనే ఎడిషన్ కంటే తేలిక. అయితే మింట్ వేయగానే కంప్యూటర్ పరుగెత్తుతుందని ఆశపడకండి. అసలు నిదానమంతా తిరిగే హార్డ్ డిస్కు దగ్గరే ఉంది. 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) ఒకటి కొని మింట్‌ను దాని మీద వేయండి. ఆ సమయంలో పాత డిస్కు కేబుల్ పీకేసి ఉంచితే ఫొటోల జోలికి ఇన్‌స్టాలర్ పోయే ప్రసక్తే లేదు. మా సలహా ఇదే.

ఎస్‌ఎస్‌డీ ఉన్నా లేకున్నా ఇన్‌స్టాల్ పద్ధతి ఇది. 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. మింట్ ఫైలు సుమారు 3 జీబీ. మొబైల్ డేటాతో దించేటప్పుడు మధ్యలో తెగితే ఫైలు పాడవుతుంది, ఇన్‌స్టాల్ సగంలో ఆగుతుంది. అందుకని మింట్ సైట్‌లోనే ఉన్న టోరెంట్ వాడండి. టోరెంట్ ప్రతి ముక్కనూ సరిచూసుకుంటూ దించుతుంది. తర్వాత రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, కంప్యూటర్ ఆన్ అవుతుండగా బూట్ మెనూ తెరవండి. డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. అక్కడ పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, విండోస్ ఏ పద్ధతిలో బూట్ అవుతుందో మింట్‌కూ అదే ఎంచుకోవాలి. విండోస్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిస్తే బయోస్ మోడ్ దగ్గర యూఈఎఫ్‌ఐ అనో లెగసీ అనో రాసి ఉంటుంది. ఇది తప్పితే ఇన్‌స్టాల్ సాఫీగా అయినట్టే ఉండి, తర్వాత బూట్ కాదు.

పెన్‌డ్రైవ్ మీదే మింట్ తెరుచుకుంటుంది, డిస్కును ముట్టదు. ఓ గంట అలాగే వాడండి. సౌండ్, వైఫై, ప్రింటర్, పిల్లల ఆన్‌లైన్ క్లాసుకు కెమెరా అన్నీ పనిచేస్తేనే ఇన్‌స్టాల్ జోలికి వెళ్లండి. డి డ్రైవ్ ఉంచుకోవాలంటే ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఎంచుకోవాలి. ఇక్కడ సి, డి అన్న పేర్లు ఉండవు, ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 అని వరుసగా కనిపిస్తాయి. సైజును బట్టే గుర్తుపట్టాలి కాబట్టి సి ఎన్ని జీబీలో, డి ఎన్ని జీబీలో ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. సి భాగాన్ని మాత్రమే తీసేసి, ఆ ఖాళీలో లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 రకం భాగం చేసి, మౌంట్ పాయింట్ దగ్గర ఒక్క ఏటవాలు గీత (/) పెట్టండి. 100 ఎంబీ చుట్టుపక్కల ఉండే, బూట్‌కు అవసరమైన ఈఎఫ్‌ఐ భాగం ఉంటే దాన్ని తీసేయొద్దు, ఫార్మాట్ టిక్కు పెట్టొద్దు. చివర్లో ఏ భాగాలు ఫార్మాట్ అవుతాయో ఒక జాబితా చూపి అడుగుతుంది. ‘కంటిన్యూ’ నొక్కేముందు దాన్ని నిదానంగా చదవండి.

విండోస్, మింట్ రెండూ పెట్టుకున్నాను. మింట్ వాడి విండోస్‌లోకి వస్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతోంది. మింట్‌లో డి డ్రైవ్ తెరుచుకుంటుంది గానీ ఫైలు సేవ్ కాదు. వైరస్సా? – డిగ్రీ విద్యార్థిని, ప్రొద్దుటూరు

వైరస్ కాదు. మదర్‌బోర్డు గడియారంలో లైనక్స్ గ్రీన్‌విచ్ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. మన సమయం గ్రీన్‌విచ్ కంటే 5:30 గంటలు ముందు కాబట్టి తేడా కచ్చితంగా అంతే వస్తుంది. మింట్ టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అన్న ఆదేశం (timedatectl set-local-rtc 1) ఇంగ్లిష్‌లో కొట్టండి, సర్దుకుంటుంది.

రెండోది విండోస్‌లోని ‘ఫాస్ట్ స్టార్టప్’ పని. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉండి డిస్కు తన చేతిలోనే ఉందని గుర్తు పెట్టి పోతుంది. అది చూసి మింట్ ఫైళ్లు పాడవకుండా డి డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తుంది. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్ల పేజీలో ఆ టిక్కు తీసేసి ఒకసారి షట్‌డౌన్ చేయండి. బలవంతంగా రాయించే చిట్కాలు యూట్యూబ్‌లో ఉంటాయి, వాటి జోలికి పోవద్దు.

పాత ల్యాప్‌టాప్‌లో మింట్ వేశాను. వైఫై గుర్తే లేదు. డ్రైవర్ వేశాక రీస్టార్ట్ అయితే నీలం తెర వచ్చింది. ‘కంటిన్యూ’ నొక్కాను. అయినా వైఫై రాలేదు. – గుంతకల్లు

ఆ నీలం తెర దగ్గరే జారిపోయింది. సెక్యూర్ బూట్ (అనుమతి లేని సాఫ్ట్‌వేర్‌ను ఆపే రక్షణ) ఆన్‌లో ఉన్న మెషీన్లో బ్రాడ్‌కామ్ వైఫై, ఎన్విడియా లాంటి బయటి డ్రైవర్లు వేస్తే, మింట్ ముందుగా ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొడితేనే డ్రైవర్‌కు అనుమతి దొరుకుతుంది. ‘కంటిన్యూ’ కొడితే అనుమతి లేకుండానే ముందుకు పోతుంది. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేస్తే నెట్ వస్తుంది. డ్రైవర్ మేనేజర్‌లో ఆ డ్రైవర్‌ను తీసి మళ్లీ వేయండి. ఈసారి నీలం తెరను తొందరపడి దాటకండి, కాసేపు ఏమీ నొక్కకపోయినా అదే ముందుకు పోతుంది.

మాది చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు, కరపత్రాలు అన్నీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేస్తాం. లైనక్స్‌కు మారితే లైసెన్సు ఖర్చు మిగులుతుంది కదా? – తాడిపత్రి

డీటీపీ పనికి వాడే మెషీన్‌ను మార్చకండి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అదీ లైనక్స్‌కు కాదు. అను ఫాంట్లు ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగల యూనికోడ్ పద్ధతివి కావు, వాటి కీబోర్డు ప్రోగ్రామ్ విండోస్‌దే. మీ పాత ఫైళ్లు లైనక్స్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. పైగా ఫ్లెక్సీ ప్రింటు చేసేవాళ్లు మిమ్మల్ని కోరల్‌డ్రా ఫైలే అడుగుతారు. మద్దతు ఆగిన విండోస్ అయితే ఆ మెషీన్‌కు నెట్ కేబుల్ తీసేసి పని నడుపుకోండి.

బిల్లులు, మెయిళ్లు, జిరాక్స్ ప్రింట్లకు వాడే రెండో కంప్యూటర్‌లో మింట్ వేసుకోవచ్చు. కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేర్చితే ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు కీబోర్డు వెంటనే వస్తుంది. ‘అమ్మ’ అని ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటు ఉంటే ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు వేసి ఆర్‌టీఎస్ పద్ధతి ఎంచుకోండి. వేసిన తర్వాత లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. అది చేయకుండానే ‘పనిచేయడం లేదు’ అని రాసేవాళ్లే ఎక్కువ. పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’ పేరుతో దొరుకుతాయి, పేరు ఇంగ్లిష్‌లో (fonts-telu-extra) వెతకండి. కొత్త కరపత్రాలు యూనికోడ్‌లో చేద్దామనుకుంటే పేజీలు కూర్చే స్క్రైబస్ 1.6 చూడండి. పాత వెర్షన్లలో తెలుగు వత్తులు విడిపోయేవి.

లైనక్స్‌లో ప్రింట్ ఇస్తే ‘కంప్లీటెడ్’ అంటుంది, కాగితం మాత్రం కదలదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. – జమ్మలమడుగు

ఈ ప్రింటర్‌కు సొంత బుర్ర లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ దానికి దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ పంపాలి. అది హెచ్‌పీ వాళ్ల ప్లగిన్‌లో ఉంటుంది, ఉచిత సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి మింట్‌తో పాటు రాదు. హెచ్‌పీ ప్రింటర్ల లైనక్స్ సాఫ్ట్‌వేర్ హెచ్‌పీఎల్‌ఐపీ టూల్‌బాక్స్ వేసి, నెట్ ఉన్నప్పుడు ప్లగిన్ దించుకోండి. ప్లగిన్, హెచ్‌పీఎల్‌ఐపీ వెర్షన్లు రెండూ ఒకటే ఉండాలి. మింట్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాక ప్రింటర్ మూగబోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. కెనాన్ ఎల్‌బీపీ 2900 ఉన్నవాళ్లకు మాత్రం ఇంత తేలిక కాదు. దానికి కంపెనీ ఇచ్చిన పాత డ్రైవర్ కుదిరినా అప్‌డేట్లతో చెడుతుంటుంది. రోజూ ప్రింట్లు తీయాల్సిన చోట ఆ తలనొప్పి పెట్టుకోవద్దు.

టాలీ, జీఎస్టీకి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడతాను. మారవచ్చా? – ఎమ్మిగనూరు

పని మెషీన్‌ను మార్చొద్దు. టాలీ అనే లెక్కల ప్రోగ్రామ్ విండోస్‌దే. లైనక్స్‌లో వర్చువల్ మెషీన్ పెట్టి అందులో విండోస్ నడిపించవచ్చు గానీ దానికి 8 జీబీ ర్యామ్ అయినా ఉండాలి, విండోస్ లైసెన్సు ఎలాగూ కావాలి. రిటర్ను గడువు రోజు సాయంత్రం డిజిటల్ సంతకం ఉండే ఆ యూఎస్‌బీ టోకెన్ కనిపించలేదంటే ఆ జరిమానా మీదే. ఇంట్లో పిల్లల కంప్యూటర్‌తో మొదలుపెట్టండి.