గుండు తగలకుండానే కందకాల్లో అంతమంది సైనికులు ఎలా ఆసుపత్రి పాలయ్యారు?

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్, బెల్జియం కందకాల వరకే చెబుతాను.

ముందు పాదాల సంగతి. బెల్జియం వైపు ఫ్లాండర్స్ ప్రాంతానిది బంకమన్ను, కాస్త తవ్వగానే నీరు ఊరేది. తడిలో నాని పాదాలు దెబ్బతినే జబ్బు ట్రెంచ్ ఫుట్. అది రావడానికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. తడి బూట్లతో ఒకటి రెండు రోజులు కదలకుండా నిలబడితే చాలు. ఒంట్లో వేడి పోకుండా పాదాల రక్తనాళాలు ముడుచుకుపోతాయి, నరాలకు రక్తం అందదు. బిగుతు బూట్లు, పిక్కలకు చుట్టిన పట్టీలు ఆ కాస్త రక్తాన్నీ అడ్డుకునేవి. నాట్లప్పుడు వేళ్ళ సందులు ఒరిసిపోవడం లాంటిది కాదిది, అది పైచర్మంతో పోతుంది. ఇక్కడ పాదం మొద్దుబారుతుంది, నొప్పి తెలియదు కనక మనిషి పట్టించుకోడు. బూటు విప్పి వెచ్చబడ్డాకే వాపు, మంట. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. అప్పుడు నిప్పు దగ్గర కాచినా, గట్టిగా రుద్దినా ఇంకా చెడుతుంది. ముదిరితే కుళ్ళి, వేళ్ళు తీసేయాల్సి వచ్చేది.

1914-15 చలికాలంలో బ్రిటిష్ సైన్యంలో దాదాపు 20,000 మందికి ఇది వచ్చింది. లాహోర్, మీరట్ డివిజన్ల భారతీయ సిపాయిలు ఫ్రాన్స్‌లో దిగింది పల్చటి ఖాకీ నూలుబట్టల్లో, సరిగ్గా ఆ చలికాలానికి ముందే.

తర్వాత నియమాలొచ్చాయి: రోజూ బూట్లు విప్పాలి, పాదాలు తుడిచి తిమింగలం నూనె రాయాలి, పొడి మేజోళ్ళు మార్చాలి, ఇద్దరిద్దరు ఒకరి పాదాలొకరు చూసుకోవాలి. కేసులు పెరిగితే అధికారిని నిలదీసేవారు. నూనెకు పేరొచ్చింది గానీ, నా లెక్కలో అసలు మేలు చేసినవి కింద పరిచిన చెక్కబాటలు, మనుషుల్ని త్వరగా వెనక్కి మార్చడం.

పేలది ఇంకో గోల. బట్టల కుట్ల వెంట కొవ్వొత్తి మంట చూపించి కాల్చేవారు, మిగిలిన ఈపులు ఒంటివేడికి మళ్ళీ పొదిగేవి. ఐదేసి రోజులకు తిరగబెట్టే జ్వరం, మోకాలి కింద ఎముకల్లో పోటు వాటి వల్లేనని 1918లో గాని తేలలేదు.

ఇక మనసు. రాత్రంతా ముళ్ళకంచె పని, సామాన్లు మోయడం. తెల్లవారుజామున తుపాకులతో కాపలా. పగలు ఫిరంగుల మోత. పారిపోలేరు, ఎదురు కాల్చలేరు, నిద్ర లేదు. ఇలా మనసు చితికిపోవడాన్ని షెల్ షాక్ అన్నారు. దాని గురించి బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మయర్స్ 1915లో రాశాడు. పేలుడు అదురుకు మెదడు దెబ్బతింటుందని మొదట అనుకున్నారు, కానీ పేలుడుకు దూరంగా ఉన్నవాళ్ళకూ వణుకు, మాట పడిపోవడం కనిపించాయి. 1917లో సైన్యం ఆ పేరే వాడొద్దంది. అప్పటికి ఫ్రంట్‌కు దగ్గర్లోనే వేడి తిండి, కొన్నాళ్ళ నిద్ర ఇచ్చే కేంద్రాలు నడుస్తున్నాయి. వాటి లక్ష్యం మాత్రం మనిషిని మళ్ళీ కందకంలోకి పంపడమే.