ముందు ఫ్యాను, తరవాతే లైట్లు

(ఇంటి కరెంటు పనులపై పాఠకుల ఉత్తరాలకు బరంపురం కరెంటు మేస్త్రీ జవాబులు)

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది పర్లాకిమిడి. 2018లో తిత్లీ తుపానుకి మా పెంకుటిల్లు దెబ్బతింది. అప్పటినుంచి అద్దె ఇళ్ళలో తిరిగి, ఇన్నాళ్ళకి సొంత ఇల్లు ప్లాస్టరింగ్ దాకా వచ్చింది. హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. మధ్యలో ఒక ఫ్యాను. స్లాబు వేసేటప్పుడు లైట్లకి బాక్సులు పెట్టించడం మరిచిపోయాం. ఇప్పుడు ఎలక్ట్రీషియన్ ఫాల్స్ సీలింగ్ చేయించుకుంటే 15 వాట్ల డౌన్‌లైట్లు (సీలింగ్‌లో కన్నం కొట్టి బిగించేవి) పన్నెండు పెడతానంటున్నాడు, అన్నీ తెల్లవే. మా అత్తగారికి 74 ఏళ్ళు. హాల్లోనే దివాన్ మీద పడుకుంటారు, పేపరు అక్కడే చదువుతారు. పన్నెండు చాలవు, పదహారు పెట్టించమంటున్నారు. మా ఆయన సూరత్‌లో ఉంటారు, ఫోన్‌లో ఏది చెప్పినా సరే అంటారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఎలక్ట్రీషియన్‌ని తిట్టలేను. నేనూ అదే తప్పు చేశాను, అదీ మా ఇంట్లోనే. హాల్లో ఫ్యాను చుట్టూ ఎనిమిది లైట్లు గుండ్రంగా పెట్టాను. చూడ్డానికి కల్యాణ మండపంలా వచ్చింది. రాత్రి ఫ్యాను వేసి లైట్లు వేసేసరికి గోడలమీద రెక్కల నీడలు టపటపా కొట్టుకోవడం మొదలైంది. పది నిమిషాలకి మా ఆవిడ పేపరు మడిచి వరండాలోకి వెళ్ళిపోయింది. ఆ ఎనిమిదింటిలో నాలుగు ఈ రోజుకీ వెయ్యం.

అందుకే లైట్లు ఎన్ని అన్నది తరవాత, ఫ్యాను సంగతి ముందు. మన మామూలు ఫ్యాను 1200 మిల్లీమీటర్లది, అంటే మధ్యనుంచి రెక్క చివరికి రెండు అడుగులు. రెక్కలు స్లాబుకి అడుగు కింద తిరుగుతాయి. స్లాబుని అంటుకుని, రెక్క చివరికి అడుగు దూరంలో లైటు ఉందనుకోండి, అక్కడినుంచి పక్కకి పరుచుకునే వెలుగుని రెక్క కోస్తూనే ఉంటుంది. లైటు ఇంకా దూరం జరిగి, ఇంకాస్త కిందికి దిగితే రెక్కకి అందే వెలుగు బాగా తగ్గిపోతుంది.

మీ హాల్లో ఇది కుదిరే దారి ఉంది. కప్పు మొత్తానికి ఫాల్స్ సీలింగ్ వద్దు. రెండు పొడుగు గోడల వెంట మూడేసి అడుగుల వెడల్పున జిప్సం బోర్డు బోర్డరు కట్టించండి, ఆరంగుళాలు దిగితే చాలు. మధ్యలో స్లాబు అలాగే ఉంటుంది, ఫ్యానుకి ఎత్తు తగ్గదు, ఖర్చూ తగ్గుతుంది. ఆ బోర్డర్లలో గోడకి రెండు అడుగుల దూరాన లైట్లు పెడితే ఫ్యాను రెక్క చివరికీ లైటుకీ మధ్య రెండు అడుగులు మిగులుతుంది.

ఇక ఎన్ని? మీ హాలు 192 చదరపు అడుగులు, దాదాపు 18 చదరపు మీటర్లు. కూర్చుని మాట్లాడుకునే హాలుకి 150 లక్స్, అంటే చదరపు మీటరుకి 150 ల్యూమెన్ల వెలుగు, బాగా సరిపోతుంది. అంటే నేలమీదికి 2,700 ల్యూమెన్లు చేరాలి. గోడలు, కప్పు కొంత మింగేస్తాయి కాబట్టి లైట్లనుంచి ఓ 4,500 బయటికి రావాలని నేను లెక్క వేసుకుంటాను. మంచి ఎల్ఈడీ వాటుకి వంద ల్యూమెన్లు ఇస్తుంది. అంటే మొత్తం 45 వాట్లు. మీ ఎలక్ట్రీషియన్ లెక్క 180 వాట్లు, అత్తగారి లెక్క 240! ఎనిమిది వాట్లవి ఆరు తీసుకోండి, ఒక్కో గోడ వైపు మూడు. చివరివి అడ్డగోడకి రెండున్నర, మూడు అడుగుల్లో ఉంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

అయినా అత్తగారి మాట కొట్టిపారెయ్యకండి. 74 ఏళ్ళ కంటికి మీ కంటికన్నా చాలా ఎక్కువ వెలుగు కావాలి, నిజమే. అయితే ఆ వెలుగు కావలసింది పేపరుమీద. దివాన్ పక్క గోడకి, ఆవిడ కూర్చుంటే భుజం ఎత్తుకి కాస్త పైన, ఒక మెడ తిప్పుకునే లైటు పెట్టించండి. స్విచ్ ఆవిడ చేతికి అందాలి. పడుకున్న మనిషి ముఖం మీదికి డౌన్‌లైటు రాకూడదు, కాబట్టి దివాన్ తలవైపు ఎటో ఇప్పుడే తేల్చుకోండి. ఆ ఒక్క లైటునీ ఒక అడుగు జరిపినా తప్పులేదు, వరస చెడిపోయిందని ఎవరూ టేపు పెట్టి కొలవరు. లైటు కొనేటప్పుడు బల్బు భాగం అంచుకి బాగా లోపలికి ఉండే రకం అడగండి, కళ్ళలో గుచ్చుకోదు. ఆరూ ఒకే స్విచ్‌కి కట్టనివ్వకండి. ఒక్కో వరసకి ఒక స్విచ్.

రంగు విషయంలో మాత్రం నాకు మొండితనం ఉంది. 6,500 కెల్విన్ అని డబ్బామీద ఉండే నీలం తెలుపు ఆసుపత్రి వార్డుకి బాగుంటుంది. హాలుకి 4,000, పడకగదికి 3,000. దానితోపాటు సీఆర్ఐ అని, ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, 80కి తగ్గకూడదు, 90 దొరికితే ఇంకా మంచిది. మా బరంపురం పట్టుచీర కొట్లలో పాతకాపులు ఎర్ర చీర చేతిలోకి తీసుకుని గుమ్మం దాకా నడిచొచ్చి ఎండలో చూస్తారు. ఎందుకో తెలుసా? నాసిరకం ఎల్ఈడీ కింద ఎరుపు చచ్చిపోయి ఇటుక రంగులా కనిపిస్తుంది. మీరూ అదే చెయ్యండి. ఒక్క లైటు కొని తెచ్చి, రాత్రిపూట మీ పట్టుచీర, ఒక టమాటా దానికింద పెట్టి చూడండి. నచ్చాకే మిగతా అయిదూ, వాటితోపాటు రెండు అదనంగా కొనండి. రెండేళ్ళ తరవాత అదే రంగు, అదే సైజు దొరకదు. సీలింగ్‌కి కన్నాలు కూడా లైట్లు చేతికొచ్చాకే కొట్టించాలి. ఒకే వాటేజీ అయినా కంపెనీ మారితే కన్నం సైజు మారుతుంది.

సాయంత్రాలు మీ వీధిలో వోల్టేజీ పడిపోతుంటే డ్రైవర్ చూసుకోండి. లైటు వెనక వైరుకి వేలాడే చిన్న డబ్బాయే డ్రైవర్. దానిమీద 100 నుంచి 300 వోల్టుల దాకా పనిచేస్తుందని రాసి ఉంటే వోల్టేజీ ఊగినా లైటు ఊగదు. డ్రైవర్ విడిగా ఉండి, చెడితే అదొక్కటే మార్చుకునే రకం కొనండి. బీఐఎస్ గుర్తు, దానికింద ఆర్‌తో మొదలయ్యే నంబరు లేని సరుకు ఎంత చవకైనా వదిలెయ్యండి.

తుపాను చూసినవారు కాబట్టి ఒక్క మాట. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. నేను పనిచేసిన ఒక ఇంట్లో డాబామీద నిలిచిన నీళ్ళు స్లాబులోంచి దిగి ఫాల్స్ సీలింగ్ మీద చేరాయి. తెల్లారేసరికి లైటు కన్నాల్లోంచి ధారలు. మెయిన్ ఆపి ఉంది కాబట్టి సరిపోయింది. మీ వీధిలో ఒడియాలో ‘ఛాతొ ఢళెయి’ అంటారే, ఆ స్లాబు ఒక వానాకాలం చూశాక, ఎక్కడా చెమ్మ లేదని తేలాకే జిప్సం బోర్డు ఎక్కించండి. గృహప్రవేశానికి తొందరైతే అప్పటిదాకా గోడలకి రెండు ట్యూబులైట్లు పెట్టుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు.

వంటింటి సంగతి మీరు అడగలేదు కానీ చెప్పేస్తాను. గది మధ్యలో లైటు పెడితే గట్టు దగ్గర నిలబడ్డ మనిషి నీడ కత్తిపీటమీదే పడుతుంది. లైటు గట్టు అంచుకి సరిగ్గా పైన రావాలి, అంటే గోడకి రెండు అడుగులు.

ప్రశ్న: రాయగడలో కొత్త ఇల్లు. పోర్టికోలో డౌన్‌లైట్లు వేస్తే తొలకరి వానకి ఉసిళ్ళు కమ్మేస్తున్నాయి. లైటు లోపల కూడా చచ్చి నల్లగా పేరుకున్నాయి.

జవాబు: బాబూ, చుట్టూ కొండలు పెట్టుకుని ఉసిళ్ళు రావద్దంటే ఎలా? పోర్టికోకి 3,000 కెల్విన్ లైటు మార్చండి, తెల్ల లైటుకన్నా దానికి పురుగు తక్కువ వాలుతుంది. దుమ్ము, నీళ్ళు చొరబడనివాటికి ఇచ్చే ఐపీ65 గుర్తు రాసి ఉన్నది కొంటే పురుగులు లోపలికి దూరవు. వాన వెలిసిన సాయంత్రం ఓ గంట గుమ్మం లైట్లు ఆపి, గేటు దగ్గర ఒక్కటి వేసి ఉంచండి. అన్నీ అటే పోతాయి.

ప్రశ్న: జయపురంలో ఉంటాం. స్విచ్ ఆపినా రాత్రంతా డౌన్‌లైట్లు మిణుకుమంటూనే ఉన్నాయి. మా అమ్మ భయపడుతోంది.

జవాబు: స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే దానిగుండా పోయే చిటికెడు కరెంటు చాలు, ఎల్ఈడీ మిణుకుతుంది. అలాంటప్పుడు ఇండికేటర్ లేని స్విచ్ వేసుకుంటే సరి. ఇండికేటర్ లేకపోతే మాత్రం వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. స్విచ్‌కి ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) బదులు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) ఇచ్చి ఉండొచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా లైటు దగ్గర కరెంటు ఉంటుంది. అతను చూసేదాకా ఆ లైట్లు తుడవడానికి ఎవరూ స్టూలెక్కకండి.