తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో మరిచిన కుక్క

ప్రశ్న: మా పామరేనియన్‌కు 13 ఏళ్లు, బరువు 10 కిలోలు. రెండు నెలలుగా అర్ధరాత్రి లేచి హాల్లో తిరుగుతోంది. తలుపు దగ్గర బందుల వైపు వెళ్లి నిలబడుతోంది. ఎన్నడూ లేనిది ఇంట్లోనే మూత్రం పోస్తోంది. దురదకు క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర, గోమార్లకు అమిట్రాజ్ స్నానం వాడుతున్నాం. మెదడులో హార్మోన్లు తగ్గితే ఇలా అవుతుందంటున్నారు, నిజమేనా? మందుందా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: తగ్గేవి కొన్ని, పెరిగేవి కొన్ని. కొత్త సంగతి మనసులో నాటుకోవాలంటే నరాల మధ్య కబురు మోసే ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం కావాలి. వయసుతో అది సన్నగిల్లుతుంది. అలాంటిదే మరో కబురు రసాయనం డోపమిన్. దాన్ని విరగ్గొట్టే ఎంఏఓ-బి అనే ఎంజైము పెరుగుతుంది. మనుషుల అల్జీమర్స్‌లో కనిపించే బీటా అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముసలి కుక్కల మెదడులోనూ పేరుకుంటుంది.

మరో చిక్కు ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌తో. మెదడులో జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్ అనే భాగం నిండా ఈ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలుంటాయి. కార్టిసాల్ ఎక్కువైనప్పుడు 'ఇక చాలు' అని కబురు పంపడంలో ఈ భాగానికీ వంతుంది. నెలల తరబడి హార్మోన్ ఎక్కువగా ఉంటే అక్కడి కణాల కొమ్మలు ముడుచుకుపోతాయి, కబురు బలహీనపడుతుంది, కార్టిసాల్ ఇంకా పెరుగుతుంది. ముసలి ఎలుకల్లో ఈ సుడిని 1980ల్లోనే వర్ణించారు. అందుకే మూత్రం పోసిందని దయచేసి కసరకండి. భయం ఆ హార్మోన్‌నే పెంచుతుంది.

ముందు వెటర్నరీ డాక్టరు చేత బీపీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, షుగర్, థైరాయిడ్, మూత్రం, కళ్లు చూపించండి. కిడ్నీ జబ్బు, శుక్లాలు, కీళ్ల నొప్పి కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి. దురద మాత్ర మార్చమని అడగండి. క్లోర్‌ఫెనిరమిన్ అసలే తగ్గిన ఎసిటైల్‌కొలిన్ పనిని అడ్డుకుంటుంది.

మిగతావన్నీ సరిగా ఉంటే డాక్టరు సెలెజిలిన్ రాయవచ్చు. ఇది ఎంఏఓ-బిని ఆపుతుంది. మోతాదు కిలోకు 0.5 నుంచి 1 మి.గ్రా., అంటే మీ కుక్కకు మొదట 5 మి.గ్రా. మాత్ర ఒకటి, రోజూ పొద్దున్నే. రాత్రి వేస్తే నిద్ర ఇంకా చెడుతుంది. గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. చాలామంది పది రోజులకే మానేసి మందు పనిచేయలేదంటారు. ముఖ్యంగా ఒక మాట: అమిట్రాజ్‌కూ ఎంఏఓను ఆపే గుణముంది. రెండూ కలిస్తే ప్రమాదం, కాబట్టి గోమార్లకు వేరే మందు తీసుకోండి. నొప్పి మందు ట్రమడాల్, దిగులు మందు ఫ్లూవోక్సెటిన్ కూడా సెలెజిలిన్‌తో కలవకూడదు.

మెదడుకు మంచిదని కొబ్బరినూనె పోయకండి. కుక్కల మీద పరీక్షించింది ఎంసీటీ నూనె (మధ్యస్థ గొలుసు కొవ్వుల నూనె). కొబ్బరినూనె దానికి సమానం కాదు, అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం. ఎక్కువైతే విరేచనాలు, క్లోమం వాపు రావచ్చు.

పొద్దున ఎండ ముదరకముందే బీచ్ రోడ్డు మీద 20 నిమిషాలు నెమ్మదిగా నడిపించండి. పగటి వెలుగు పడితేనే రాత్రి నిద్రకు తోడ్పడే మెలటోనిన్ హార్మోన్ వేళకు ఊరుతుంది. పడుకునే ముందు మూత్రానికి బయటికి తీసుకెళ్లండి, హాల్లో చిన్న బల్బు వెలగనివ్వండి, సోఫా చోటు మార్చకండి.

తల ఒకే పక్కకు వాల్చినా, ఒకే వైపు గిరగిరా తిరిగినా, ఫిట్స్ వచ్చినా అది మతిమరుపు కాదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.