కారు రిమోట్ పలకడం లేదా? ముందు రెండో కీ తీసి చూడండి

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా కారు రిమోట్ల మీదే. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వాళ్లు ఏమీ అనుకోవద్దు, మీ వంతు వచ్చే వారం.

ప్రశ్న: మాది విశాఖలోని లాసన్స్ బే కాలనీ. హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాం. కారు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంది. వచ్చి చూస్తే రెండు రిమోట్ కీలూ పనిచేయడం లేదు. రెండింటికీ కొత్త సెల్లు వేయించాను, ఫలితం లేదు. రిమోట్లు పోయాయి, కొత్తవి తీసుకోవాల్సిందేనని సెల్లు వేసిన దుకాణదారు అంటున్నారు. కీతో తలుపు తీసి స్టార్ట్ చేయబోతే టిక్కుటిక్కుమంటోంది తప్ప ఇంజిన్ తిరగడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అసలు సంగతి మీరు ఆఖర్న రాసిన వాక్యంలో ఉంది. కొత్త రిమోట్లకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెంటనే వెనక్కి అడగండి.

రోజూ జేబులో తిరిగే కీకి, బీరువాలో పడి ఉండే కీకి చుట్టరికం లేదు. దేని సెల్లు దానిది, దేని అరుగుదల దానిది. రెండూ కూడబలుక్కున్నట్టు ఒకే రోజు పాడవడం చాలా అరుదు. అందుకే రిమోట్ పనిచేయడం లేదని ఎవరన్నా నేను ముందు అడిగేది ఒకటే: ఒకటా, రెండూనా? ఒక్కటే మానేస్తే లోపం ఆ కీలో ఉంటుంది. రెండూ ఒకేసారి మానేస్తే, ఆ రెండింటి మాటా వినాల్సిన కారులో వెతకాలి.

తాళం వేసి వెళ్లిపోయినా కారు పూర్తిగా నిద్రపోదు. రిమోట్ కోసం చెవి ఒగ్గి కూర్చునే రిసీవర్, దొంగల అలారం, గడియారం అన్నీ బ్యాటరీ నుంచి బొట్టుబొట్టుగా కరెంటు తాగుతూనే ఉంటాయి. రోజూ తిరిగే బండిలో ఆ లోటును ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్ తిరుగుతున్నప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే యంత్రం, పూడుస్తుంది. రెండు నెలలు కదలని బండిలో పూడ్చే దిక్కు లేదు. నిండా ఛార్జి ఉన్న 12 వోల్టుల కారు బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2 దగ్గర ఉంటే సగం మిగిలినట్టు. 12 కన్నా దిగితే ఖాళీ కిందే లెక్క. మీకు వినిపిస్తున్న టిక్కుటిక్కు స్టార్టర్ మోటారుకు కరెంటు అందించే స్విచ్చుది. స్విచ్చు పడుతోంది గాని మోటారును తిప్పే సత్తా బ్యాటరీకి లేదు.

బ్యాటరీ దుకాణం నుంచి మనిషిని పిలిపించి వోల్టేజీ కొలిపించండి. బ్యాటరీ కొమ్ముల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే తుడిపించండి, వదులుగా ఉంటే బిగించమనండి. పక్కింటివారి కారు నుంచి తీగలు కలిపి స్టార్ట్ చేసేటట్లయితే ఎర్ర తీగ ప్లస్ నుంచి ప్లస్‌కు. నల్ల తీగ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస మీ ఇంజిన్ దగ్గర రంగు లేని గట్టి ఇనుప భాగానికి. నీరసించిన బ్యాటరీ మైనస్‌కు నేరుగా తగిలించకూడదు, అక్కడ నిప్పురవ్వ లేవడం మంచిది కాదు. స్టార్ట్ అయ్యాక కాలనీలో రెండు చుట్లు తిప్పి ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా వెళ్లి రండి. ఛార్జరు పెట్టి రాత్రంతా నెమ్మదిగా ఎక్కిస్తే ఇంకా మంచిది. నాలుగైదేళ్ల పాత బ్యాటరీ అయితే మార్చుకోవాల్సి రావచ్చు. రెండు కొత్త రిమోట్ల ఖర్చు ముందు అది పెద్ద లెక్క కాదు.

బ్యాటరీ కోలుకున్నాక రిమోట్లు వాటంతట అవే పలకాలి. పలకకపోతే లెక్క తప్పి ఉండవచ్చు. బటన్ నొక్కిన ప్రతిసారీ కీ కొత్త అంకెల వరుసను పంపుతుంది, కారు తన దగ్గరున్న లెక్కతో సరిచూసుకుంటుంది. నిన్నటి సంకేతాన్ని ఎవరైనా దొంగిలించి ఈ రోజు వినిపిస్తే తలుపు తెరవకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. కారుకు అందనంత దూరంలో మనవడు కీతో ఆడుకుంటూ వందలసార్లు నొక్కాడనుకోండి, కీ లెక్క చాలా ముందుకు పోతుంది, కారు దాన్ని పరాయిగా చూస్తుంది. కొన్ని మోడళ్లలో ఇగ్నిషన్ ఆన్ చేసి లాక్ బటన్ నొక్కి పట్టుకుంటే మళ్లీ కలుస్తాయి. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, మీ కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో సీలు కూడా విప్పకుండా ఉంటుందని నాకు తెలుసు, ఇప్పుడు విప్పండి.

ఇంజిన్ చక్కగా స్టార్ట్ అవుతున్నా రెండు రిమోట్లూ పనిచేయని వారికి కూడా ఒక మాట. డిక్కీ సరిగా పడకపోయినా, ఇగ్నిషన్‌లో ఇంకో కీ ఉండిపోయినా చాలా కార్లు రిమోట్ మాట వినవు. ఈమధ్య చవకరకం ఛార్జరో, డాష్ కెమెరానో, ఎల్‌ఈడీ బల్బులో పెట్టించి ఉంటే వాటిని పీకి చూడండి. వాటి నుంచి వచ్చే రేడియో రొద కారు చెవులు మూసేయగలదు. ఆ తర్వాత ఫ్యూజు చూడాలి. రిసీవర్ జోలికి వెళ్లడం అన్నిటికన్నా చివర.

ప్రశ్న: పెదవాల్తేరులో ఉంటాం. రెండు కీల్లో ఒకటి బాగానే ఉంది. రోజూ వాడేది మాత్రం నాలుగైదుసార్లు గట్టిగా నొక్కితే గాని పనిచేయదు. సెల్లు మార్చి నెల కూడా కాలేదు. పైగా దీనితో కారు మాత్రం ఎప్పటిలాగే స్టార్ట్ అవుతోంది. ఇదెలా సాధ్యం?

జవాబు: మీ కీలో నిజానికి ఇద్దరు ఉద్యోగులున్నారు. తలుపు తెరిచే రిమోట్‌కు సెల్లు కావాలి. ఇంజిన్‌కు అనుమతి ఇచ్చే చిప్‌కు సెల్లు అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే దానికి కావాల్సిన శక్తి అందుతుంది. అందుకే రిమోట్ చచ్చినా కారు కదులుతుంది. బటన్‌తో స్టార్ట్ చేసే కార్లలోనూ అంతే. సెల్లు పూర్తిగా అయిపోతే కీ లోపల దాచిన సన్నని ఇనుప తాళంచెవి లాగి తలుపు తీయండి, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కండి. చాలా మోడళ్లు స్టార్ట్ అవుతాయి. కొన్నింటిలో ఆనించాల్సిన చోటు వేరే ఉంటుంది. అర్ధరాత్రి రైల్వే స్టేషన్ పార్కింగ్‌లో పనికొచ్చే విషయం ఇది, ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి చేసి చూసుకోండి.

ఇక మీ కీ సంగతి. సముద్రం పక్కన ఇల్లు, చెమట పట్టిన జేబు. విశాఖలో గ్రిల్లుకు, సైకిలు చెయినుకు పట్టే తుప్పు కీని మాత్రం ఎందుకు వదులుతుంది? కిందటేడు నా కీ కూడా ఇలాగే సతాయించింది. పాత దినపత్రిక పరిచి, నాణెం అంచుతో కీ పొట్ట విప్పితే సెల్లును పట్టుకునే రేకు మీద ఆకుపచ్చ పొక్కు కనిపించింది, ఆవగింజంత. పిల్లల పెన్సిలు రబ్బరుతో నెమ్మదిగా రుద్దాను. రబ్బరు పొట్టు పచ్చగా రాలి, కింద రేకు మెరిసింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పది నిమిషాలు ఆరనిచ్చి, సాగిపోయిన రేకును వెంట్రుకవాసి పైకి లేపాను. అంతే, మొదటి నొక్కుకే కారు దీపాలు వెలిగాయి. ఇసుక కాగితం, కత్తి మొన వాడకండి. రేకు పైపూత లేచిపోతే తుప్పుకు దారి మనమే వేసినట్టు.

సెల్లు విషయంలో రెండు జాగ్రత్తలు. సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 2025 కూడా అంతే వెడల్పు, మందం మాత్రం 2.5. ‘రెండూ ఒకటేనండీ, వోల్టేజీ మూడే కదా’ అని దుకాణంలో అంటారు. వోల్టేజీ ఒకటే, నిజమే. కానీ సన్నది పెడితే లోపల ఊగుతుంది, మీరు రాసిన ‘గట్టిగా నొక్కితే పనిచేస్తుంది’ అన్న లక్షణం అచ్చంగా అదే. పాత సెల్లు మీద ఏ అంకె ఉందో చూసి అదే కొనండి. రెండోది, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని సెల్లుల మీద చేదు పూత పూస్తారు. ఆ పూత కొన్ని పరికరాల్లో కరెంటు తగలకుండా అడ్డుపడుతుంది. మీది అలాంటిదైతే పూత లేనిది వేసి చూడండి. పాత సెల్లును మాత్రం బల్ల మీద వదిలేయకండి. పసివాళ్లు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోగలదు, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంత చేసినా మారకపోతే బటన్ కింది బుల్లి స్విచ్చు అరిగిందో, దాని టంకం విడిందో అయి ఉంటుంది. జగదాంబ కూడలి వైపు వెళ్లినప్పుడు మొబైల్ మరమ్మతు చేసేవారిని అడగండి, చేయి తిరిగినవారికి చిన్న పని. పైడొప్ప మార్చమని చెబితే మాత్రం పక్కనే నిలబడి చూడండి. కొన్ని కీల్లో ఇంజిన్ చిప్ విడిగా, బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దగా, నల్లగా ఒక మూల అతికి ఉంటుంది. దాన్ని పాత డొప్పతో పాటు చెత్తబుట్టలో వేస్తే తలుపు తెరుచుకుంటుంది, కారు కదలదు.

ప్రశ్న: కీని ఫోన్ కెమెరా ముందు పెట్టి నొక్కితే వెలుగు కనిపించాలని ఒక వీడియోలో చూశాను. నా కీకి ఏమీ కనిపించలేదు. పోయినట్టేనా?

జవాబు: కాదు. అది టీవీ రిమోట్ పరీక్ష. టీవీ రిమోట్ పరారుణ కాంతి పంపుతుంది, మన కంటికి కనిపించని ఆ కాంతి చాలా ఫోన్ల కెమెరాకు కనిపిస్తుంది. మన దేశంలో అమ్మే కార్ల కీలు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలు పంపుతాయి. వాటిని ఏ కెమెరా చూడలేదు. కీ మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోందా అన్నది కూడా సగం సాక్ష్యమే. దీపానికి సరిపోయే కరెంటు ప్రసారానికి చాలకపోవచ్చు.

ప్రశ్న: మా ఇంటి దగ్గర పనిచేసే రిమోట్ బీచ్ రోడ్డులో కారు నిలిపే చోట మాత్రం మొరాయిస్తుంది. నేవీ రాడార్ల వల్లనేనా?

జవాబు: విశాఖలో వైర్‌లెస్ పరికరం ఏది మొరాయించినా నేరం తూర్పు నౌకాదళం మీద వేయడం మనకు అలవాటు. అంత దూరం వెళ్లక్కర్లేదు. రిమోట్లు వాడే తరంగాలకు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి గేటు రిమోట్లు, వైర్‌లెస్ కాలింగ్ బెల్లులు కూడా అక్కడే గుమిగూడతాయి. పక్క దుకాణంలో ఏదో ఒకటి ఆగకుండా అరుస్తూ ఉంటే చాలు. తలుపుకు ఒక అడుగు దూరంలో నిలబడి నొక్కండి, పనిచేస్తే ఇదే కారణం. కారును యాభై అడుగులు జరిపి చూడండి. కీని గడ్డానికి ఆనించి నొక్కితే కాస్త ఎక్కువ దూరం అందుతుంది. నవ్వకండి, నీటితో నిండిన తలకాయ యాంటెన్నాకు సాయపడుతుంది. ఎక్కడైనా తాళం వేశాక తలుపు పిడి ఒకసారి లాగి చూడటం మానకండి, లాక్ సంకేతాన్ని కావాలని అడ్డుకుని తెరిచి ఉన్న కారులో బ్యాగులు ఎత్తుకుపోయే దొంగలున్నారు.

ప్రశ్న: గాజువాకలో పాత కారు కొన్నాను. అమ్మినాయన ఒక్క కీయే ఇచ్చారు, రెండోది పోయిందన్నారు. పర్వాలేదా?

జవాబు: పోయిందో, ఎవరి దగ్గర ఉందో ఎవరికి తెలుసు? ఆర్సీ, మీ గుర్తింపు కార్డు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి కొత్త కీ చేయించండి. చేయించేటప్పుడు ‘పాత కీలన్నీ చెరిపేసి, ఈ రెండింటినే నమోదు చేయండి’ అని నోరు తెరిచి అడగండి, అడగకపోతే కొత్తది కలిపి ఊరుకోవచ్చు. దానివల్ల పాత కీతో ఇంజిన్ స్టార్ట్ కాదు గాని, దాని ఇనుప భాగం తలుపును తెరుస్తూనే ఉంటుంది. అది కూడా వద్దనుకుంటే లాక్ సెట్టు మార్చాలి. మీ బీమాలో కీ రీప్లేస్‌మెంట్ కవర్ ఉందేమో చూడండి. ఉన్నా ఈ పాత కీకి వర్తించకపోవచ్చు, ఇకముందు పోయేవాటికి పనికొస్తుంది.