‘తీరని లోటు’ అని రాయకు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది, చదివాను. ఆక్యుపేషనల్ థెరపీ చదువుకుంటూ, ఆ వృత్తిని నిలబెట్టిన ప్రొఫెసర్ల గురించి తెలుగులో రాయాలనుకోవడం నాకు నచ్చింది. మెచ్చుకోలు ఇంతటితో ఆపి అసలు సంగతికి వస్తాను.

మేరీ రైలీ గురించి రాసిన పేరాలో ఆవిడ పేరు తీసేసి జీన్ ఎయిర్స్ పేరు పెట్టి చూశాను. ఏమీ తేడా రాలేదు. ఇద్దరూ మార్గదర్శులే, ఇద్దరూ విశేష కృషి చేశారు, ఇద్దరి మరణమూ వృత్తికి తీరని లోటే. జిల్లా పేజీల్లో సంతాప వార్తకి ఈ మాటలు సరిపోతాయి. పోయినాయన ఎవరో అక్కడ చదివేవాళ్లకి ముందే తెలుసు. నీ పాఠకుడికి రైలీ ఎవరో తెలీదు. ఆ మాటకొస్తే ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏంటో కూడా సరిగ్గా తెలీదు, ఫిజియోథెరపీకి ఇంకో పేరనుకుంటాడు.

అందుకని ప్రొఫెసర్ కంటే ముందు పేషెంటుని తీసుకురా. పక్షవాతం వచ్చిన ఒక టైలర్‌ని ఊహించుకో. వ్యాయామాలు చేయించగా చెయ్యి లేస్తోంది, పిడికిలి బిగుస్తోంది. ఇంటికి వెళ్తే మాత్రం అన్నం కలుపుకోలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు, మిషను వైపే వెళ్లడు. కండరానికి వచ్చిన బలానికీ, ఆ మనిషికి రోజు గడవడానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే మీ వృత్తంతా ఉంది. పాఠకుడికి ఇది పట్టుబడితే ఆ తర్వాత నువ్వు ఎవరిని పరిచయం చేసినా వింటాడు.

ఇక రైలీ. ‘1961లో ఎలినర్ క్లార్క్ స్లేగిల్ ఉపన్యాసం ఇచ్చారు’ అని ఒక్క ముక్కలో దాటేశావు, అమెరికా థెరపిస్టుల సంఘం గౌరవంగా ఇప్పించే ఆ ఉపన్యాసం సన్మానాల జాబితాలో ఒకటన్నట్టు. కథంతా అక్కడే ఉంది కదమ్మా! 1917లో అమెరికాలో ఈ వృత్తికి ఒక సంఘం ఏర్పడినప్పుడు, చేతికి పని దొరికితే మనిషి కోలుకుంటాడన్న నమ్మకం దాని వెనుక ఉంది. స్లేగిల్ ఆ వ్యవస్థాపకుల్లో ఒకరు. తర్వాత దశాబ్దాలు గడిచేకొద్దీ థెరపిస్టులు వైద్యుల మధ్య తమకూ ఒక స్థానం కావాలని కండరాలు, కీళ్లు, కొలతల వైపు జరిగారు. పని అన్న మాట వెనక్కి పోయింది. ఆ సమయంలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్ రైలీ లేచి, ఆక్యుపేషనల్ థెరపీ ఇరవయ్యో శతాబ్దపు వైద్యంలోని గొప్ప ఆలోచనల్లో ఒకటి కాగలదని అన్నారు. మనసూ సంకల్పమూ నడిపించే చేతులతో మనిషి తన ఆరోగ్యాన్ని తానే మార్చుకోగలడన్నది ఆవిడ ప్రతిపాదన. వినడానికి పొగడ్తలా ఉంటుంది గానీ అది సొంతవాళ్లకే విసిరిన సవాలు. ఈ ఆలోచన మీద మీకు నిజంగా నమ్మకం ఉందా, ఉంటే నిరూపించే ఓపిక ఉందా అన్నది అందులోని నిలదీత.

గురువుల గురించి రాసేటప్పుడు ఇలాంటి పేచీలే వెతుకు. వాళ్ల మంచితనం గురించి తక్కువ రాసినా ఫర్వాలేదు. రేపు మీ కాలేజీ పాత ప్రొఫెసర్ల గురించి రాయాల్సి వస్తే, వాళ్ల శిష్యుల్ని ‘మేడమ్ ఎలాంటివారండీ?’ అని అడక్కు. ‘చాలా స్ట్రిక్టు, మనసు మాత్రం వెన్న’ అంటారు. అందరి మేడమ్‌లూ అంతే. ‘ఆవిడ దగ్గర చదివాక మీరు ఏం చెయ్యడం మానేశారు?’ అని అడుగు. కాసేపు ఆలోచించి చెప్తారు చూడు, అది రాసుకో.

గ్యారీ కీల్‌హాఫ్నర్‌ని రైలీ నుంచి విడదీసి మూడు పేజీల తర్వాత పెట్టావు. పక్కపక్కనే ఉండాలి. ఆయన రైలీ శిష్యుడు. గురువు లేవనెత్తిన ప్రశ్నని, థెరపిస్టు వార్డులో వాడుకునే పద్ధతిగా మలిచాడు. ఆ నమూనా మీద వ్యాసాలు 1980లో అచ్చయ్యాయి. తర్వాత షికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో చాలాకాలం పనిచేసి, 2010లో పోయాడు. నువ్వు ఆ నమూనాని నిర్వచనాలతో వివరించావు, నాకు నిద్రొచ్చింది. మన టైలర్ దగ్గరికి మళ్లీ వెళ్లు. అతనికి మళ్లీ కుట్టాలని ఉందా? పొద్దున్నే షాపు తీసే అలవాటు ఏమైంది? ఒంట్లో ఎంతవరకు చేతనవుతుంది? ఇంట్లోవాళ్లు చెయ్యనిస్తున్నారా, ‘నువ్వు కూర్చో నాన్నా’ అని అన్నీ వాళ్లే చేసిపెడుతున్నారా? కీల్‌హాఫ్నర్ చెప్పిన ఇచ్ఛ, అలవాటు, సామర్థ్యం, పరిసరం నాలుగూ ఇందులో వచ్చేశాయి.

జీన్ ఎయిర్స్ దగ్గర నీకు భక్తి ఎక్కువైంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో థెరపీ సెంటర్‌కి పిల్లల్ని తీసుకెళ్లే అమ్మానాన్నలకి ఆవిడ పేరు తెలియకపోయినా, అక్కడ చికిత్సలో భాగంగా పిల్లల్ని ఊపే ఊయల తెలుసు. స్పర్శ, కండరాలు, కీళ్లు, లోపలి చెవి నుంచి వచ్చే కబుర్లని మెదడు సర్దుకోలేకపోతే చదువులోనూ నడవడికలోనూ ఇబ్బంది వస్తుందని ఎయిర్స్ సిద్ధాంతం. థెరపిస్టుగా మొదలుపెట్టి, ఎడ్యుకేషనల్ సైకాలజీలో డాక్టరేట్ చేసి, ఆ తర్వాత మెదడు పరిశోధన సంస్థలో చదివి మరీ దాన్ని కట్టారు. పిల్లల కోసం పరీక్షలు తయారుచేశారు. 1988లో చనిపోయారు. ఇదంతా రాశావు, బాగుంది. కానీ ఈ చికిత్స ఎంతవరకు పనిచేస్తుందన్న వాదన ఇంకా తెగలేదు. ఆధారాలు పరిమితంగానే ఉన్నాయని, ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలని 2012లో అక్కడి పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, ప్రకటించింది. ఇది వదిలేశావు. నెలనెలా ఫీజు కట్టే తండ్రి నీ వ్యాసం చదువుతాడని గుర్తుపెట్టుకో. వాదన గురించి రాస్తే ఎయిర్స్ స్థాయి తగ్గిపోదు. ఇన్నేళ్ల తర్వాత కూడా జనం పరీక్షించి చూడాలనుకునే ఆలోచన ఇచ్చారంటే చిన్న విషయమా?

అందరికంటే నాకు కోపం తెప్పించింది కమలా నింబ్‌కర్‌ని చివర్లో రెండు వాక్యాలకి కుదించడం. అమెరికాలో ఎలిజబెత్ లుండీగా పుట్టి, నింబ్‌కర్ అనే భారతీయుణ్ని పెళ్లాడి, కమల అయి మన దేశంలో స్థిరపడిన మనిషి. నలభై దాటాక మళ్లీ అమెరికా వెళ్లి ఆక్యుపేషనల్ థెరపీ చదువుకుని వచ్చారు. 1950లో బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో స్కూలు పెట్టారు, ఆసియాలో మొదటిది. 1952లో ఈ థెరపిస్టులకి అఖిల భారత సంఘం. అదే ఏడాది ఈ వృత్తికి ప్రపంచ సమాఖ్య ఏర్పడితే, వ్యవస్థాపక దేశాలు పదింటిలో భారత్ ఒకటి. స్కూలు మొదలై రెండేళ్లు! ఆ వయసులో విద్యార్థినిగా బెంచీ మీద కూర్చోవడం, తిరిగొచ్చి ఎవరూ పేరు కూడా వినని వృత్తికి ఆస్పత్రిలో చోటు అడగడం... ఇంత సామగ్రి పెట్టుకుని ‘భారతదేశంలో ఆద్యురాలు’ అని సరిపెట్టేశావు.

వ్యాసం మొత్తం ఇప్పుడే తిరగరాయకు. నింబ్‌కర్ గారి భాగం ఒక్కటే రాసి పంపు, దాంట్లో ‘సేవలు’ అన్న మాట ఎక్కడా రాకుండా చూసుకో. ఫొటోల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. పరీక్షలున్నాయన్నావుగా, అవి అయ్యాకే కూర్చో, తొందరేం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు