మొదటిసారి వాటర్ కలర్ పెన్సిళ్లతో పువ్వు వేయడానికి పన్నెండు రంగుల పెట్టె చాలునా?

పన్నెండు రంగుల పెట్టె సరిపోతుందా, నలభై ఎనిమిది రంగులది కొనాలా అని మీరు అడిగారు. పన్నెండు చాలు. మిగిలిన డబ్బు కాగితానికి పెట్టండి. మొదటి బొమ్మను చెడగొట్టేది నూటికి తొంభై పాళ్లు కాగితమేనని నా గట్టి నమ్మకం. మన స్టేషనరీ దుకాణాల్లో డ్రాయింగ్ షీటు అడిగితే చేతిలో పెట్టే పలుచని కాగితం, తడి తగలగానే నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోతుంది. పిల్లలు తమకు చెయ్యి తిరగలేదనుకొని ఆ పెట్టెను అటకెక్కిస్తారు. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు అని కాగితం మందాన్ని తెలిపే లెక్క) వాటర్ కలర్ కాగితం ఒక చిన్న పుస్తకం కొనుక్కుంటే ఈ బాధ ఉండదు.

నేను మొదట వేసింది మా పెరటిలోని ఒంటిరెక్క ఎర్రమందారం. పూజకు కోయకుండా ఒక్క పువ్వును కొమ్మకే ఉంచమని మా అమ్మను బతిమాలుకొని, ఎండ ముదరకముందే దాని ఎదుట కూర్చున్నాను. అయిదు రేకులకూ ముందు నారింజ రంగును, దాని మీద ఎరుపును ఈనెల వాలు వెంబడే తేలికగా రుద్దాను. పొడిగా ఉన్నప్పుడు ఆ రంగు వెలిసిన చీరలా కనిపించింది గానీ, తడి కుంచెను రేకు అంచు నుండి మొదలు వైపుకు లాగేసరికి గీతలు కరిగి ఎరుపు ఒక్కసారిగా చిక్కబడింది. మామూలు రంగు పెన్సిలులో మైనమో నూనెయో ఉంటుంది కనుక అది నీటికి లొంగదు. ఈ వాటర్ కలర్ పెన్సిళ్లలో రంగును పట్టి ఉంచే పదార్థం నీటిలో కరుగుతుంది. అందుకే గట్టిగా నొక్కి గీయకూడదు, నొక్కితే కాగితంలో పడిన గాడి ఎంత తడిపినా పోదు.

పువ్వు గొంతు దగ్గరి ముదురు నీడకు నల్ల పెన్సిలు ముట్టుకోకండి. ఎరుపు పూర్తిగా ఆరాక దాని మీద ఊదా రంగు వేసి తడిపితే ఆ లోతు దానంతట అదే వస్తుంది. అసలు పన్నెండు రంగుల పెట్టెలో నలుపును ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు. ఆ స్థానంలో మరొక ఎరుపును ఇచ్చి ఉంటే ఎంతో మేలు.

మధ్యనుండి పొడుచుకువచ్చే కేసరాల కాడ విషయంలో మాత్రం ముందుచూపు ఉండాలి. ఎరుపు మీద పసుపు తేలదు కాబట్టి, పుప్పొడి చుక్కల చోటును మొదటినుండి తెల్లగా వదిలివేసి, చివరన పసుపు పెన్సిలు మొనను నీటిలో ముంచి ఒక్కొక్క చుక్కగా అద్దాలి. కాడ కొసన ఉండే అయిదు ఎర్రని బొడిపెలను మరవకండి, అవి లేని మందారాన్ని నేను మందారమని ఒప్పుకోను.